బెల్లు లేని సైకిలు

నర్సుల క్వార్టర్లు,
పగటి డ్యూటీ దిగాక

అక్కకు నమస్కారాలు.

బావగారిని అడిగానని చెప్పండి. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ మరిది మోకాలి నొప్పి అంటూ మెట్లు దిగడం మానేసి, ప్రతి పనికీ నన్నే కిందకి పంపిస్తున్నారు. ఎముకల వార్డు నర్సు ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం వాడుకోవాలట.

నేరుగా విషయానికి వస్తాను. ఇంగ్లీషు పరీక్ష మళ్ళీ పోయింది. రాసేది, వినేది గట్టెక్కాను. మాట్లాడేదే మొదటిసారి పోయినట్టే ఈసారీ పోయింది. మా ఆసుపత్రి కొత్త యాజమాన్యం చేతుల్లోకి వెళ్ళాక, ఈ పరీక్ష నెగ్గని నర్సులను ఆయాల పనిలోకి మారుస్తామని నోటీసు అంటించారు. ఆ పని చిన్నదని నేననను. మా వార్డు ఆయా ఒక్కపూట రాకపోతే మేమంతా తలలు పట్టుకుంటాం. కానీ నేను చదివింది నర్సు చదువు అక్కా. ఇన్నేళ్ళు చేసిన పని నాకు రాదని ఒక కాగితం చెబితే తట్టుకోలేను.

ఈ మధ్య పరీక్షలో సైకిళ్ళ గురించే అడుగుతున్నారని కోచింగు సెంటరు వాళ్ళు చెప్పారు. మీకు సైకిలు ఉందా, చిన్నప్పుడు తొక్కేవారా, మీ ఊళ్ళో జనం సైకిళ్ళు వాడతారా, రాబోయే రోజుల్లో కార్లు పోయి సైకిళ్ళే మిగులుతాయా. నా జవాబులు వరసగా ఇవీ: ఉంది. పాతది. తొక్కను. కొందరు వాడతారు. తెలియదు. పరీక్ష పెట్టే ఆయన ఇంకా చెప్పండి అన్నట్టు చెయ్యి తిప్పుతాడు. నేను ఆ చెయ్యినే చూస్తూ కూర్చుంటాను.

మీరు ఫోనులో చెబితే పది నిమిషాల పని. ఎప్పుడు చేసినా బావగారే ఎత్తి, స్నానానికి వెళ్ళింది అంటున్నారు. మీరు రోజుకిన్ని స్నానాలు చేస్తారని కలిసి ఉన్న రోజుల్లో నాకు తెలియలేదు. కుదిరినప్పుడు ఒక ఉత్తరం రాయండి. నా జవాబులు దీంతో పంపుతున్నాను. మీ ఎర్రసిరా పెట్టి దిద్దండి.

మీ చెల్లి

*

ఇంటి నుంచి,
వంటింటి బల్ల మీద

గుసగుసకు,

నీ పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాను కనుక ఇలాగే రాస్తున్నాను. నీ గొంతు పక్కవాడికి వినపడితే గదా పరీక్ష పెట్టేవాడికి వినపడేది. ఈ ఇంట్లో తోడికోడళ్ళుగా మనం కలిసున్నన్నాళ్ళూ నువ్వు నాతో చెప్పిన మాటలన్నీ పోగేస్తే నేను బళ్ళో ఒక్క పీరియడ్లో అరిచినంత ఉండవు.

ఫోను సంగతి. గొంతు బాగా లేదు. పిల్లల మీద అరిచి అరిచి అరిగిపోయిందట. కొన్నాళ్ళు నోరు మూసుకోమని డాక్టరు చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్ళుగా మీ బావగారికి ధైర్యం చాల్లేదు, డాక్టరు చెప్పేసరికి ఆయన ముఖం చూడాలి నువ్వు. అందుకని ఉత్తరాలే నయం. పైగా ఫోనులో చెబితే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తావు.

నీ జవాబులు చూశాను. అవి జవాబులు కావు, పోలీసులకి ఇచ్చే వాంగ్మూలం. సైకిలు ఉందా అంటే ఉంది అని ఊరుకుంటే వాడు మార్కులు దేనికి వేస్తాడు? వెనక కాగితంలో బాగుచేసి రాశాను. నీలం సైకిలు, నాన్న తెచ్చినది. ఏటి గట్టు మీద పొద్దున్నే తొక్కడం. ఎదురుగాలికి జడ విడిపోవడం. దిగువలో బ్రేకులు వదిలేసి వెళ్ళడం. ఒక్కో జవాబుకి అయిదారు వాక్యాలున్నాయి. బట్టీ పట్టు. అద్దం ముందు నిలబడి, నోరు తెరిచి, గట్టిగా ఒప్పజెప్పు. ఈ పరీక్షలో నువ్వు పోతే నాకు తలవంపులు.

మరిదిని మెట్లు దిగమను. మోకాలికి అదే మందు.

అక్క

*

ఎముకల వార్డు, డ్యూటీ గది

అక్కకు,

మీ కాగితం అందింది. చదువుతుంటే మీరు పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉంది. గొంతు జాగ్రత్త. ఉప్పునీళ్ళు పుక్కిలించండి, వేడినీళ్ళే తాగండి. ఎన్నాళ్ళు మాట్లాడకూడదన్నారు? డాక్టరు ఏం రాశాడో ఒక ముక్క రాయండి.

బట్టీ నడుస్తోంది. బస్సులో పెదవులు కదుపుతుంటే పక్కసీటు ఆవిడ ప్రార్థన అనుకుని లేచి వేరే చోట కూర్చుంది. వార్డులో కాలు పైకి కట్టిన ముసలాయన ఒకరున్నారు, రిటైరైన డ్రైవరు. ఆయన ఎటూ కదల్లేరు కనుక ఆయనకే ఒప్పజెబుతున్నాను. మొత్తం విని, అమ్మా ఆ సైకిలు ఇప్పుడెక్కడుంది అన్నారు. నేను నవ్వి ఆయన దుప్పటి సర్దాను. ఇంట్లో మీ మరిది కళ్ళద్దాలు ముక్కు చివరికి దించి పరీక్ష పెట్టే ఆయన వేషం వేస్తారు. రెండో ప్రశ్నకే ఆయనకి నిద్ర ముంచుకొస్తుంది.

ఒక చిన్న సందేహం. నాకు సైకిలు తొక్కడం రాదు కదా. నాకు తెలిసింది తోసుకెళ్ళడమే. అత్తయ్యకి కాలిపుండు మానని ఏడాది, బావగారి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కట్టు కట్టించడానికి రోజూ నేనే తోసుకెళ్ళేదాన్ని. మీరు బళ్ళో ఉండేవారు. సైకిలు గురించి చెప్పమంటే నాకు అదే గుర్తొస్తోంది. అది చెబితే బాగుంటుందా? మీరు చెప్పినట్టే చేస్తాను, ఊరికే అడుగుతున్నాను.

రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నాను. చదువుకి సెలవు పెడితే ఇవ్వరు. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి.

చెల్లి

*

ఇంటి నుంచి

గుసగుసకు,

తోసుకెళ్ళడం తొక్కడం కాదు. అడిగింది సైకిలు గురించి, అత్తగారి కాలిపుండు గురించి కాదు. పరీక్ష గదిలో పుండు, చీము, కట్టు అని మొదలుపెడితే వాడు టీ తాగలేడు. నేను రాసినదే చెప్పు. ఇంకో రెండు కాగితాలు పెడుతున్నాను. ఏటి గట్టు జవాబు చివర వాన తగులుకున్న సంగతి కలిపాను, బాగా వచ్చింది. కార్లు పోతాయా అన్నదానికి పొగ, ఆరోగ్యం, ఇరుకు రోడ్లు అని మూడు ముక్కలు చాలు. అక్కడ ఎవరూ నిజంగా వినరు.

డాక్టరు కాగితం నీకెందుకు? నీ వార్డు ఎముకలది. నా గొంతులో ఎముకల్లేవు.

ఇక్కడ విశేషాలు ఏముంటాయి. బావగారి సైకిలుకి బెల్లు లేదు. బజారుకి వెళ్ళినప్పుడల్లా దారంతా తప్పుకోండి తప్పుకోండి అని అరుచుకుంటూ వెళ్ళాల్సి వస్తోందని ఇంటికొచ్చి సణుగుతారు. ఇంత వయసొచ్చాక ఆయనకి నోరు పనికొచ్చింది. కొత్తది కొనుక్కోవచ్చుగా అంటావు. ఆయన సంగతి నీకు తెలియదా.

పరీక్ష దగ్గరకొచ్చింది. ముందురోజు త్వరగా పడుకో. ఉన్న చీరల్లో నలగనిది కట్టుకో. వాడు చెయ్యి తిప్పేదాకా ఆగకు, నువ్వే చెప్పుకుంటూ పో.

అక్క

*

బస్టాండు నుంచి

అక్కకు,

పరీక్ష పోయింది. ఫలితం రాలేదు కానీ పోయింది. ఇంటికి వెళ్ళాక రాస్తే రాయనేమోనని ఇక్కడే బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

సైకిలే వచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. మీరు రాసినదంతా ఒక్క పొల్లు పోకుండా చెప్పాను. నీలం సైకిలు, ఏటి గట్టు, జడ, వాన. ఆయన విన్నాడు అక్కా. ఎవరూ వినరన్నారు మీరు, ఆయన పెన్ను పక్కన పెట్టి మరీ విన్నాడు. విని, నేర్చుకునేటప్పుడు సైకిలు వెనక ఎవరు పట్టుకున్నారని అడిగాడు. మీ కాగితంలో అది లేదు. పోనీ, మొదటిసారి పడ్డప్పుడు దెబ్బ ఎక్కడ తగిలింది అన్నాడు. నేను ఎముకల వార్డు నర్సుని. సైకిలు మీంచి పడితే ఏ ఎముక ఎలా విరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ నీలం సైకిలు మీంచి నేనెక్కడ పడ్డానో మాత్రం చెప్పలేకపోయాను. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను, మా నాన్న నీలం సైకిలు తెచ్చాడని. ఆయన చెయ్యెత్తి ఆపాడు. చాలా మర్యాదగా, చెప్పింది బాగుందండీ, కానీ మీరు చెబుతున్నట్టు లేదు అన్నాడు.

వచ్చే నెల నుంచి నన్ను ఆయా పనిలోకి మారుస్తారు. ఆఖరుసారి ఒక్క పరీక్ష రాయనిస్తారు. అదీ పోతే ఇక నర్సుగా తీసుకోరు.

బయటికొచ్చి మీకు ఫోను చేశాను. నాలుగు తిట్లు తిట్టించుకుంటే తేలికపడతానని. బావగారు ఎత్తి, స్నానానికి వెళ్ళింది అన్నారు. వెనక ఇంట్లో సైకిలు బెల్లు మోగింది. వస్తున్నా వస్తున్నా అంటూ ఆయన ఫోను పెట్టేశారు.

ఆ నీలం సైకిలు ఎవరిది అక్కా?

చెల్లి

*

ఇంటి నుంచి

చెల్లికి,

నాది.

మా నాన్న తెచ్చాడు, ఎవరో వాడి వదిలేసింది. బ్రేకులు అంతంత మాత్రం, బెల్లు అసలే లేదు. దిగువలో ఆగేది కాదు. అందుకని వీధి మొదట్లో అందుకుంటే చివరి దాకా అరుస్తూ వచ్చేదాన్ని, తప్పుకోండి, తప్పుకోండి అని. నా గొంతు అక్కడే పెరిగింది. తరవాత బళ్ళో పిల్లలు మైకు టీచరు అని పేరు పెట్టారంటే అదంతా ఆ సైకిలు పుణ్యమే. వెనక పట్టుకున్నది మా అమ్మ. దెబ్బ తగిలింది ఎడమ మోచేతికి.

ఇవన్నీ కూడా నీకు రాసి ఇచ్చి ఉంటే చెప్పేదానివి. అప్పుడు ఆయన ఇంకోటి అడిగేవాడు. ఎంతని రాసి ఇస్తాను.

తప్పు నాదే. ఇన్నేళ్ళు పిల్లలకి సొంతంగా రాయండి, పక్కవాడిది చూడకండి అని చెప్పిన మనిషిని, నీకు నా జవాబు ఇచ్చి పంపించాను. ఈసారి అక్కడే ఎవరైనా మంచి టీచరును చూసుకో. ఎదురుగా కూర్చుని మాట్లాడించేవాళ్ళు కావాలి నీకు. నావల్ల అయ్యే పని కాదు.

అక్క

*

ఎముకల వార్డు, బట్టలు మడిచే గది

అక్కకు,

ఇప్పుడు నేను ఆయా దుస్తుల్లో ఉన్నాను. దుప్పట్లు లెక్క చూసి మడవాలి, మధ్యలో పిలిస్తే వెళ్ళాలి. నాతో నర్సుగా చేసినవాళ్ళు నన్ను పిలవడానికి మొహమాటపడి వాళ్ళే ఆ పని చేసేసుకుంటున్నారు. అది చూస్తే ఇంకా బాధగా ఉంది. కాలు పైకి కట్టిన డ్రైవరు తాతకి నేను మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. సూది ఎప్పుడు వేస్తావమ్మా అని నన్నే అడుగుతారు. ఇంటికి కాళ్ళీడ్చుకుంటూ వెళ్తున్నాను. మీ మరిది కింద నుంచి సామాన్లు తనే పైకి తెస్తున్నారు.

వేరే టీచరు సంగతి తరవాత. ముందు నేను అడిగేదానికి జవాబు చెప్పండి.

మీరు నెలల తరబడి ఫోను దగ్గరికి రాలేదు. బావగారి సైకిలుకి బెల్లు లేదు. ఆ బెల్లు ఇంట్లో మోగుతోంది, మోగితే ఆయన పరుగెత్తుతున్నారు. గొంతు వార్డు సిస్టరు నాకు తెలిసినావిడే. పేరు చెప్పకుండా, ఇలా ఇలా ఉంటే ఏమై ఉంటుందని అడిగాను. ఆవిడ నా ముఖం చూసి, మీకు బాగా దగ్గరివాళ్ళా అంది.

నా దగ్గర దాచకండి. మందలించడానికి అడగడం లేదు. నర్సుని, మీ ఇంటి మనిషిని, అయినా ఉప్పునీళ్ళు పుక్కిలించమని రాశాను. నా పరీక్ష గొడవలో పడి ఇంకేం చూసుకోలేదు.

మీ గొంతు తిరిగి వస్తుందా, రాదా? ఒక్క మాట రాయండి చాలు.

చెల్లి

*

ఇంటి నుంచి,
వరండాలో

చెల్లికి,

రాదు.

ఒక్క మాట చాలన్నావు కానీ నేను ఒక్క మాటతో ఎప్పుడు ఆగాను కనుక. నువ్వు మొదటి ఉత్తరం రాసేనాటికే ఆపరేషను అయిపోయి ఇంటికొచ్చాను. గొంతులో పుండు మంచిది కాదన్నారు. మాట పుట్టే చోటునే తీసేశారు. ప్రాణానికి ఢోకా లేదట. మెడ కింద చిన్న కంత పెట్టారు, ఊపిరి అందులోంచే. పైన పల్చటి గుడ్డ కట్టుకుంటాను. మీకు తెలిస్తే మీ ఆయన ఉన్న పళాన పరుగెత్తుకొస్తాడు, నీకు సెలవు దొరకదు, పరీక్ష ముందుంది. బావగారి చేత ఒట్టు వేయించుకున్నాను. ఆయనకి అబద్ధం చెప్పడం రాక ప్రతిసారీ నన్ను స్నానానికి పంపించారు.

ఆయన గురించి చెప్పాలి. పలక కొన్నారు నాకోసం. మొదటిరోజు పలక మీద టీ అని రాసి ఇచ్చాను. ఆయన దాన్ని అందుకుని, కింద, చక్కెర ఎంత వెయ్యను అని రాసి తిరిగి ఇచ్చారు. నాకు వినపడుతుంది మహానుభావా అని రాశాను. సరే అని రాశారు. ఇప్పటికీ సగంసార్లు అంతే. ఇరుగుపొరుగు వాళ్ళు నాతో గట్టిగా అరిచి మాట్లాడుతారు, కొందరు చేతులు ఊపుతారు. గదిలోంచి పిలవడానికి వీల్లేక చప్పట్లు కొట్టేదాన్ని. చేతులు నొప్పి అని సైకిలు బెల్లు ఊడదీసి మంచానికి బిగించారు. అదీ సంగతి.

నీకు ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను. మాట్లాడటం నేర్పేదానికి మాటే లేదని తెలిస్తే నువ్వు నన్ను అడగడం మానేస్తావని భయపడ్డాను. పగలంతా నాకు ఈ పలక ఉంటుంది. పలక మీద టీ, మందు, తలుపు వెయ్యండి, ఇంతే పడతాయి. నీ జవాబులు దిద్దడానికి కూర్చున్నప్పుడు మాత్రం నేను మాట్లాడేదాన్ని. ఏటి గట్టు మీద సైకిలు తొక్కుతూ, వానలో తడుస్తూ, అయిదారు వాక్యాలు ఆపకుండా. నీకు ఎన్ని మార్కులు వస్తాయో చూడకుండా రాసుకుంటూ పోయాను. నీ నోట్లోంచి నేను మాట్లాడాలనుకున్నాను చెల్లీ. పరీక్ష గదిలో ఆ మనిషి దాన్ని ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు.

బాధగా ఉంది. ఇంతకంటే చెప్పడం చేతకాదు.

అక్క

*

ఇంటి నుంచి,
వారాంతపు సెలవు

అక్కకు,

మీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపించాను. ఆయన గోడకేసి తిరిగి, మైకు వదినకా, అన్నారు. నాకు సెలవు దొరికే లోపు ఆయన ఒక్కరే బయల్దేరుతున్నారు. మోకాలు సంగతి ఎత్తలేదు. దయచేసి ఆయనకి పలక ఇవ్వకండి, ఆయనా రాయడం మొదలుపెడతారు.

నేను వేరే టీచరు దగ్గరికి వెళ్ళను. మీరే దిద్దండి. కానీ ఈసారి నా జవాబు నేను రాస్తున్నాను. ఇంగ్లీషులో తప్పులతో రాసింది విడిగా పెట్టాను. ఏం చెబుతున్నానో మీకు ముందే తెలియాలని ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

సైకిలు తొక్కుతారా అంటే ఇలా చెబుతాను. తొక్కనండీ, నాకు రాదు. నేను తోస్తాను. మా అత్తయ్యకి కాలికి పుండు లేచి ఏడాది మానలేదు. మా బావగారి సైకిలు వెనక ఆవిడని కూర్చోబెట్టి, రోజూ కట్టు కట్టించడానికి తీసుకెళ్ళేదాన్ని. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి ఆవిడ వీపు మీద. ఎగువలో నాకు ఆయాసం వచ్చేది. దిగువలో సైకిలు ఆవిడతో సహా నన్ను లాక్కుపోయేది, మడమలు ఆనించి ఆపేదాన్ని. ఆవిడ కూర్చుని ఇటు పోనీ, అటు పోనీ, ఆ గుంటలో పడెయ్యి నన్ను, పీడా పోతుంది అనేవారు. ఒకరోజు కట్టు విప్పుతుంటే చూశాను. లోపల కొత్త చర్మం గులాబిరంగులో కనిపించింది. ఆవిడకి చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అప్పుడే నాకు నర్సు చదువు చదవాలని, కట్లు కట్టే పని చెయ్యాలని అనిపించింది.

ఇంకొకటి. దీన్ని పరీక్షలో చెప్పాలో వద్దో తెలియదు. నడిచేవాళ్ళని తప్పుకోమనడానికి నాకు నోరొచ్చేది కాదు. మీకు తెలుసుగా. అందుకని బెల్లు కొట్టేదాన్ని. వీధంతా కొట్టుకుంటూ వెళ్ళేదాన్ని. అత్తయ్య విసుక్కునేవారు. అది ఈ బెల్లే అక్కా, ఇప్పుడు మీ మంచానికి ఉన్నది.

చెల్లి

*

ఇంటి నుంచి

గుసగుసకు,

దిద్దాను. కాలాలు నాలుగుచోట్ల తప్పాయి, సరిచేశాను. ఒక వాక్యం మరీ పొడుగైంది, రెండుగా విరిచాను. ఇంకేమీ ముట్టుకోలేదు. చెయ్యి ఆగలేదు, ఒకచోట గాలి గురించి ఒక ముక్క రాసి మళ్ళీ నేనే కొట్టేశాను. ఆ కొట్టివేత అలాగే ఉంచాను, చూసుకో.

బట్టీ పట్టకు. రోజుకో రకంగా చెప్పు. డ్రైవరు తాతకి చెప్పు, ఆయన అడ్డు ప్రశ్నలు వేస్తే వాటికి జవాబు చెప్పు. ఆయాసం సంగతి దగ్గర నువ్వు ఎలాగూ ఆగుతావు, ఆగు. అది ఆలోచించుకోవడం అనుకుంటారు. ఒక్కటే చెబుతున్నాను, గట్టిగా చెప్పు. నేను పక్కన ఉండి అరవలేను.

అత్తయ్య ఆ కాలిపుండు మానిన సంగతి నాకు చెప్పింది. నీతో ఏమీ అనలేదంటున్నావు. నాతో మాత్రం, చిన్నదానికి నోరు లేదు గానీ చెయ్యి మంచిది అంది. నీకు చెప్పమని చెప్పలేదు కనుక ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మరిది వచ్చాడు. వచ్చిన పూటే పలక అందుకున్నాడు. ఇద్దరన్నదమ్ములూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి కూడా నా పలకే వాడుతున్నారు. సుద్దముక్కలు అయిపోయాయి.

అక్క

*

నర్సుల క్వార్టర్లు

అక్కకు,

ఫలితం వచ్చింది. నెగ్గాను. ఎంత రావాలో అంతే వచ్చింది, ఒక్క మెట్టు తక్కువైనా పోయేదాన్ని. నిన్నటి నుంచి మళ్ళీ నర్సు దుస్తుల్లో ఉన్నాను. సంతోషం అనడం కంటే, బరువు దించి కూర్చున్నట్టుంది. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే నిద్రపోయాను.

ఈసారి పరీక్ష పెట్టింది ఒకావిడ. ప్రయాణాల గురించి అడిగి, మధ్యలో సైకిలు తొక్కుతారా అంది. తొక్కనండీ, తోస్తాను అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, అదేమిటి అంది. చెప్పాను. తప్పులు దొర్లాయి, నాకే తెలుస్తోంది. రెండుచోట్ల మాట దొరక్క ఆగాను. ఆవిడ కంగారు పెట్టలేదు. బరువుగా ఉండేదా అని అడిగింది. అత్తయ్య బరువా, సైకిలు బరువా అని అడిగాను. నవ్వింది. బెల్లు సంగతి కూడా చెప్పాను. ఇప్పుడా సైకిలు ఎక్కడుందంటే, మా అక్క ఇంట్లో, దానికి బెల్లు లేదు, బెల్లు మా అక్కకి కావాల్సి వచ్చింది అన్నాను. ఆవిడ ఎందుకని అడగబోయేసరికి టైము అయిపోయింది. బయటికి వచ్చాక తెలిసింది, నేను గట్టిగా మాట్లాడుతున్నానని. కారిడార్లో కూర్చున్నవాళ్ళు నాకేసి చూస్తున్నారు.

డ్రైవరు తాత కాలు దించారు. సూది నేనే వేశాను.

ఆదివారం పొద్దున ఫోను చేస్తాను. బావగారిని ఎత్తి మీ చెవి దగ్గర పెట్టమనండి, ఆయన మాట్లాడక్కర్లేదు. స్నానం అని మాత్రం చెప్పొద్దనండి. నేనే మాట్లాడతాను, ఇంగ్లీషులోనే. తప్పు దొరికితే మీరు బెల్లు కొట్టండి. తప్పేమిటో ఉత్తరంలో రాయండి.

చెల్లి

*

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

గుసగుసకు,

ఇక ఈ పేరు మార్చాలేమో. ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

నువ్వు బాగా మాట్లాడావు. ఆసుపత్రి గురించి చెప్పేటప్పుడు తొందరపడ్డావు, వాక్యం సగంలో ఇంకో వాక్యం ఎక్కించావు. అక్కడ ఒకసారి కొట్టాను. దుప్పట్ల దగ్గర కాలం తప్పింది, అక్కడ ఒకసారి. మొదటి బెల్లుకే మీ బావగారు పెరట్లోంచి చెంబుతో సహా పరుగెత్తుకొచ్చి, ఏం కావాలి ఏం కావాలి అని కంగారుపడ్డారు. పోండి, మేం మాట్లాడుకుంటున్నాం అని పలక మీద రాసి చూపించాను. సరే అని రాసి వెళ్ళారు.

నువ్వు మూడు బెల్లులు విన్నావు. మూడోది ఎందుకో తెలియక ఆగిపోయావు, తప్పేమిటని అడిగావు, తరవాత వెతుక్కున్నావు కూడా. వెతకకు. మళ్ళీ ఆ సైకిలు సంగతి చెబుతూ నువ్వు అత్తయ్యని తోసుకుంటూ దిగువలోకి వచ్చావు, మడమలు ఆనిస్తున్నావు. అక్కడ నువ్వేమీ తప్పు మాట్లాడలేదు. దారిలో జనం ఉన్నారని కొట్టాను.

అక్క